గ్రహణమొర్రి

దేవుడు లేడని నన్నెవరూ ఒప్పించలేదు. మా అమ్మ చనిపోయిన ఏడాది నాకే అర్థమైంది. ఈ మాట ముందుగానే చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత జరిగింది విన్నవాళ్లు మొగుడి మాటలు పట్టుకొని చెడిపోయిన ఆడది అని నన్ను అనుకొంటారు. చాలామంది అనుకొన్నారు కూడా. అది తలుచుకొంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా ఆయన పేరు ఓబులేసు. అహోబిలం స్వామి పేరు పెట్టుకొని దేవుడు లేడని ఊరంతా చెప్పే మనిషి. డోన్‌ రైల్వేలో గూడ్సు గుమాస్తా. డ్యూటీ దిగితే హేతువాద సంఘానికి కార్యదర్శి. ఆ సంఘానికి మా నడవే ఆఫీసు, మా వంటిల్లే హోటలు. ఏ ఊరి నుంచి ఏ ఉపన్యాసకుడు వచ్చినా భోజనం మా ఇంట్లోనే. ఇంట్లో దేవుడికి నైవేద్యం తప్పింది గానీ నాకు పొయ్యి దగ్గర ఊడిగం తప్పలేదు.

వచ్చేవాళ్లలో ఇద్దరు ముఖ్యులు. ఒకరు ప్రొద్దుటూరు కొండయ్య గారు. పేరు చివర ఉన్న రెడ్డిని తీసేశాడు గానీ గొంతులో ఉన్న రెడ్డిని తీయలేదు. సభలో జేబుగడియారం తీసి బల్లమీద పెట్టి, దేవుడనేవాడు ఉంటే ఐదు నిమిషాల్లో తనను చంపాలని గడువు ఇచ్చి, కాలుమీద కాలు వేసుకొని కూర్చొనేవాడు. జనం ఊపిరి బిగబట్టేవాళ్లు. గడువు తీరగానే, పాపం తిరుపతిలో గుండ్లు లెక్కపెట్టుకొంటూ తీరిక లేనట్టుంది అనేవాడు. ఇక నవ్వులే నవ్వులు. వెలిగించిన కర్పూరం నాలుకమీద పెట్టుకొనేవాడు. జుట్టు విరబోసుకొని పూనకం వచ్చినట్టు ఊగి ఊగి, ఉన్నట్టుండి ఆగిపోయి, ఈ పూనకానికి ఎంత కట్నం ఇస్తారని ముందు వరసను అడిగేవాడు. ఆడవాళ్ల వైపు కూర్చొని నేనూ కడుపుబ్బ నవ్వినదాన్నే.

రెండో ఆయన దావీదురాజు. కోవెలకుంట్ల వైపు పాదిరి కొడుకు. యేసును వదిలేశాడు గానీ పాదిరి నెమ్మదిని వదలలేదు. దేవుడు లేడని ఆయన నోటివెంట ఒక్కసారి కూడా రాదు. అరుగుమీద ముసలివాళ్ల పక్కన కూర్చొని, అట్లనా తాతా, నువ్వు చూసినావా, చూసినోళ్లను చూసినావా అని అడుగుతూ పోతాడు. ముసలివాళ్లకు ఆయనంటే ప్రాణం. ఆయనతో పొద్దు పోయేదాకా మాట్లాడి, ఆయన చేత మజ్జిగ తాగించి, లేచి తిన్నగా గుడికి పోయేవాళ్లు.

మా అత్త నాగలక్ష్మమ్మ ఇద్దరికీ వడ్డించేది. లేనివాడి గురించి ఇన్ని మాటలెందుకప్పా, ముద్ద చల్లారిపోతుంది, తినండి అనేది. ఆమెకు తిరిగి జవాబు చెప్పిన ఉపన్యాసకుడిని నేను చూడలేదు.

యాభై ఐదో సంవత్సరం, జ్యేష్ఠ అమావాస్యకు పెద్ద సూర్యగ్రహణం వచ్చింది. నాకప్పుడు ఏడో నెల. కడుపుతో ఉన్న మనిషి గ్రహణం పట్టినంతసేపూ చీకటి గదిలో వెల్లకిలా పడుకోవాలి. ఏదీ కోయకూడదు, తుంచకూడదు, ఒళ్లు గోకకూడదు. కోస్తే బిడ్డ పెదవి చీలి పుడుతుందని నమ్మకం. అందుకే ఆ చీలిన పెదవికి గ్రహణమొర్రి అని పేరు. మా వైపు దానికి ఇంకో పేరు లేదు. ఆ పేరులోనే నేరం ఎవరిదో రాసిపెట్టారు. పుట్టిన బిడ్డ ముఖం చూసి ఆ మాట అంటే చాలు, తల్లి ఏదో కోసిందని తీర్పు చెప్పినట్టే.

నేను గదిలో పడుకోదలచుకోలేదు. నా మానాన నన్ను వదిలేసి ఉంటే, రోజూ మాదిరే నా వంట నేను చేసుకొనేదాన్ని, వంకాయలు కోసుకొనేదాన్ని. ఎవరికీ చెప్పకుండా, ఎవరికీ చూపించకుండా. కానీ గ్రహణానికి మూడు రోజుల ముందు వాకిట్లో బియ్యం ఏరుతూ ఉంటే తప్పెట వినిపించింది. తప్పెట కొట్టే మారెన్న సంతపేట వైపు నుంచి వస్తూ చాటుతున్నాడు. అమావాస్య పొద్దున సంత మైదానంలో హేతువాదుల సభ అట. గూడ్సు గుమాస్తా ఓబులేసు గారి భార్య, ఏడు నెలల గర్భిణి, గ్రహణం ఎండలో కూర్చొని అందరి ముందర కూరగాయలు కోస్తుందట. బిడ్డకు ఏమీ కాదని రుజువు చేస్తుందట. మా వాకిలి ముందుకు వచ్చి నన్ను చూసి మారెన్న తప్పెట ఆపేశాడు. చెప్పమన్నారమ్మా, నాదేముంది అని తల వంచుకొని, మలుపు తిరిగేదాకా మళ్లీ కొట్టలేదు.

ఆ మధ్యాహ్నం మా ఆయనా, సభకని వచ్చిన ఆ ఇద్దరూ విస్తళ్ల ముందు కూర్చొని ఉండగా నేను అన్నం గిన్నె కింద పెట్టి మా ఆయన్ని అడిగాను.

"నన్ను అడిగినావా?"

"నువ్వు నమ్మవు గదా. ఇంక అడిగేదేముండాది?" అన్నాడు. నిజంగానే ఆయనకు అర్థం కాలేదు. నమ్మకం లేని మనిషికి ఇష్టం, అయిష్టం కూడా ఉండవనుకొన్నాడు.

కొండయ్య గారు నవ్వుతూ అందుకొన్నాడు. ముప్పై ఏళ్లు ఉపన్యాసాలు చెప్పినా జనం మారలేదనీ, జనం చెవులతో వినరు, కళ్లతోనే వింటారనీ, పండులాంటి బిడ్డను ఒక్కసారి ఎత్తి చూపిస్తే జిల్లాకు జిల్లా మారిపోతుందనీ చెప్పాడు. సరే, ఒకవేళ బిడ్డకు ఏదైనా లోపం ఉంటే అని అడిగాను. ఆయన మా ఆయన వైపు చూసి కన్ను గీటాడు.

"చూసినావా ఓబులేసూ, ఈయమ్మ లోపల ఇంకా భయం ఉండాది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాకు భయం లేదు. ఉన్నది లెక్క. ఎక్కడెక్కడో ఎవరెవరికో పెదవి చీలిన పిల్లలు పుడుతూనే ఉంటారు. గ్రహణాలు పట్టించుకోని సాయిబుల ఇళ్లలోనూ పుడతారు, కిరస్తానీల ఇళ్లలోనూ పుడతారు. నాకు పుట్టదని ఎవరు రాసిచ్చారు? పుడితే మీరు కాకతాళీయం అంటారు, వాళ్లు శాపం అంటారు, మరి బిడ్డ ఏమంటుంది? ఇదీ నా ప్రశ్న. ఒక్క బిడ్డతో ఏదీ రుజువు కాదన్న సంగతి గడియారం పెట్టి దేవుడికి గడువిచ్చే మనిషికి తెలియదా? తెలుసు. తెలిసే అడిగినదాన్ని పిరికిదాన్ని చేసి నోరు మూయించాడు. అది ఆయన విద్య. సభలో పూజారుల మీద వాడేది నా మీద వాడాడు.

దావీదురాజు ఒక్కడే తలెత్తి, మీకు ఇష్టమేనా అమ్మా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు మా ఆయన, ఆమెకేం, గట్టి మనిషి అన్నాడు. దావీదురాజు మళ్లీ అడగలేదు. అడగడం వరకే ఆయన పని. జవాబు కోసం కూర్చొనే అలవాటు ముసలివాళ్ల దగ్గరే.

పోనంటే భయపడిందంటారు. పోతే మొగుడు ఆడించినట్టు ఆడిందంటారు. ఊరంతా తప్పెట విన్నాక నాకు నా ఇష్టమంటూ ఏమీ మిగల్లేదు. భయపడిందన్న మాట పడలేక సభకు వెళ్లాను. అమావాస్య పొద్దున మా అత్త వాకిట్లో అడ్డంగా నిలబడింది. నా ముఖం చూసి పక్కకు జరిగింది.

మైదానంలో జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చారు. మసిపట్టిన గాజుపెంకులు చేతులు మారుతున్నాయి. బల్లమీద కత్తిపీట, పక్కన తట్టెడు వంకాయలు. నన్ను ఎక్కించి కూర్చోబెట్టారు. ఎండ పలచబడి, కొబ్బరాకు పందిరి సందుల్లోంచి పడే వెలుగు నా ఒడిలో చిన్న చిన్న నెలవంకలై కనబడింది. ఎంత ముచ్చటగా ఉందో. ఎవరైనా దాన్ని చూపించి ఉంటే బాగుండేది. అందరూ నా కడుపు వైపే చూస్తున్నారు.

నేను రెండు మాటలు చెబుతానని లేచాను. కొండయ్య గారు చేయి అడ్డం పెట్టి జనం వైపు తిరిగాడు. ఈ తల్లి మాట్లాడదు, ఈ తల్లి చేతలే మాట్లాడతాయి అన్నాడు. చప్పట్లు మోగాయి. నేను కూర్చొని వంకాయలు కోశాను. కోస్తున్నంతసేపూ ఆయన ఒక్కో వంకాయకు ఒక్కో దేవుడి పేరు పెట్టి, ఇదిగో తరిగాం, ఇదిగో తరిగాం అంటూ నవ్వించాడు. చివర్లో, బిడ్డ పుట్టగానే తను మళ్లీ వస్తాననీ, ఇదే బల్లమీద ఎత్తి చూపిస్తాననీ, మూతిమీద చిన్న గీత ఉన్నా మీసం గొరిగించుకొని ఊరేగుతాననీ పందెం కాశాడు. నా కడుపులో బిడ్డ కదిలింది. తన మీద పందెం కాసిన సంగతి బిడ్డకేం తెలుసు.

రెండు నెలలు తిరిగేసరికి ఆడబిడ్డ పుట్టింది. మంత్రసాని గంగక్క బిడ్డను ఎత్తి ముఖం చూసి, ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి, ఒక్క మాటా అనకుండా గుడ్డలో చుట్టి మా అత్త చేతిలో పెట్టింది. పై పెదవి ముక్కుదాకా చీలి ఉంది.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. బావి దగ్గర, బజారులో, రైల్వే క్వార్టర్లలో ఒకటే మాట, గ్రహణమొర్రి. ఎవరూ నన్ను తిట్టనక్కర్లేదు, ఆ ఒక్క మాట చాలు. మా ఆయన కూడా బిడ్డ గురించి చెప్పాల్సివస్తే ఆ మాటే అనాలి, అనలేడు. అందుకని బిడ్డ గురించి మాట్లాడటమే మానేశాడు. చూడటానికి వచ్చినవాళ్లకు పాపకు ఒంట్లో బాగాలేదని వాకిట్లోనుంచే పంపేసేవాడు. కొండయ్య గారు ఆ ఛాయలకు రాలేదు. దావీదురాజు వచ్చాడు. ఉయ్యాల తొట్టి దగ్గర చాలాసేపు కూర్చొని, కర్నూలు పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ ఉందని చెప్పి, కళ్లు తుడుచుకొంటూ పోయాడు.

బిడ్డ రొమ్ము పట్టలేకపోయింది. చీలిన పెదవితో చప్పరించలేక ఏడ్చి ఏడ్చి నీలుక్కుపోయేది. మా అత్త నా పాలు పిండించి, ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క పోసి బతికించింది. నేను ముందే చెప్పినానే అన్న మాట ఆమె నోట రాలేదు. ఆ రోజు వాకిట్లోంచి పక్కకు జరగకుండా ఉండాల్సింది అని తన్నుతాను తిట్టుకొనేది. నాకు అది ఇంకా కష్టంగా ఉండేది. తిడితే తిరిగి తిట్టవచ్చు.

కర్నూలు డాక్టరమ్మ బిడ్డ నోరు తెరిచి చూసింది. ఎన్నో నెలలో గ్రహణమైందో అడిగింది. ఏడో నెల అన్నాను. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. కడుపులో బిడ్డకు పెదవులు రెండో నెలలోనే కలుస్తాయనీ, మూడో నెలకంతా ముఖం తయారైపోతుందనీ, ఈ పాపకు అప్పుడే కలవలేదనీ చెప్పింది. నేను వంకాయలు కోసే నాటికి ఈ పెదవి ఇలాగే ఉంది. ఎందుకు కలవలేదో తమకూ సరిగా తెలియదట. మద్రాసులో కుడతారు, మంచి పెదవి వస్తుంది, చలికాలంలో తీసుకుపొండి అంది. నేను అక్కడే బెంచీమీద కూర్చొని చాలాసేపు ఏడ్చాను. సంతోషానికో, కోపానికో. ఇంత చిన్న సంగతి, మూడు ముక్కల్లో చెప్పేది, ముప్పై ఏళ్లు ఉపన్యాసాలు చెప్పిన మనిషికి తెలియదు. తెలుసుకోవాలనీ తోచలేదు. ఎంతసేపూ నవ్వించడమే.

ఇంటికి వచ్చి మా అత్తకు చెప్పాను. ఆమె వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టి, అయితే రెండో నెలలో మనకు తెలియకుండా ఏ చంద్రగ్రహణమో పట్టి ఉంటుందిలే అంది. నాకు నవ్వొచ్చింది. మా ఆయనకు చెబితే నాకు నవ్వు కూడా రాలేదు. ఆయన గోడవైపు తిరిగి పడుకొన్నాడు.

"ఈ మాట సభ పెట్టి చెప్పు. నేనూ వస్తా" అన్నాను.

"ఎవరు నమ్ముతారే? తప్పించుకొనేదానికి చెప్తాండారంటారు. కొన్నాళ్లు పోనీ, జనం మర్చిపోతారు" అన్నాడు. దేవుణ్ణి ఎదిరించిన మనిషి బావి దగ్గర ఆడవాళ్లకు భయపడ్డాడు.

వేరుశనగ బుడ్డల పంట ఇళ్లకు చేరే కాలానికి మద్రాసు ప్రయాణం పెట్టుకొన్నాం. దారిలో కడపలో హేతువాదుల జిల్లా సభ ఉందనీ, తను అధ్యక్షుడిగా కూర్చోవాలనీ, అది ముగించుకొని సాయంత్రం బండి ఎక్కుదామనీ మా ఆయన అన్నాడు. మా అత్త ఆ సభకు రానని మూటలతో స్టేషనులోనే ఉండిపోయింది. హాలు గుమ్మం దగ్గర మా ఆయన నన్ను ఆడవాళ్ల వైపు చివరి వరసలో కూర్చోమన్నాడు. దుమ్ముగా ఉందని బిడ్డ ముఖంమీద గుడ్డ కప్పి వేదికమీదికి పోయాడు. దుమ్మేమీ లేదు.

కొండయ్య గారు ఆ రోజు మంచి ఊపుమీద ఉన్నాడు. గడియారం అయింది, కర్పూరం అయింది. మీసం చక్కగా మెలితిప్పి ఉంది. చివర్లో గొంతు తగ్గించి డోన్‌ గ్రహణం కథ ఎత్తుకొన్నాడు. కత్తిపీట, వంకాయలు, నిండు గర్భిణి, చీకటి పడిన సూర్యుడు, అన్నీ వరసగా వచ్చాయి.

"ఆ తల్లి ఎట్లాంటి బిడ్డను కనిందో తెల్సునా? పండులాంటి ఆడబిడ్డ. మూతిమీద నలుసంత గీత ల్యా. ఆ బిడ్డ తండ్రి ఈ పొద్దు మన సభకు అధ్యక్షుడు."

హాలు దద్దరిల్లింది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఒక్క క్షణం బల్లవైపు చూశాడు. తర్వాత చేతులు ఎత్తి అందరితోపాటు చప్పట్లు కొట్టాడు. పక్కన దావీదురాజు కొట్టలేదు. లేచి కాదనీ అనలేదు.

నేను లేచాను. బిడ్డ ముఖంమీది గుడ్డ తీసి భుజాన వేసుకొని వరసల మధ్య నుంచి నడిచాను. నన్ను చూసి కొండయ్య గారు నోరు తెరిచి, తర్వాత మాట్లాడుదువులే అమ్మా అన్నాడు. నేను వేదిక ఎక్కలేదు. కిందనే జనం వైపు తిరిగి నిలబడ్డాను.

డోన్‌లో వంకాయలు కోసింది నేనేననీ, ఆ బిడ్డ ఈమేననీ చెప్పాను. ముందు వరసలవాళ్లు తొంగి చూశారు. ఎవరో గ్రహణమొర్రి అని అననే అన్నారు. నేను ఆగి, ఆ మాటే అబద్ధం అన్నాను. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పాను. రెండో నెల, మూడో నెల, ఏడో నెల. వెనక నుంచి ఒకాయన లేచి, ఎగతాళిగానే, మరి దేవుడు ఉండాడా ల్యాడా, అది చెప్పమ్మా అన్నాడు.

"ల్యాడు" అన్నాను. "ఆ మాట చెప్పేదానికి నా బిడ్డ మూతితో పనిల్యా. బాగుండే మూతితోనూ పనిల్యా."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను బయటికి వచ్చేశాను. మెట్లు దిగుతూ ఉంటే లోపల కొండయ్య గారు గొంతు సవరించుకోవడం, ఏదో అనడం, జనం నవ్వడం వినిపించింది. దేనికి నవ్వారో నాకు తెలియదు.

రోడ్డుమీదికి వచ్చాక వెనక ఎవరో గబగబా నడుస్తున్న చప్పుడైంది. మా ఆయనేమోనని నేను తిరగలేదు. అక్కా, అక్కా అని ఆడగొంతు పిలిచింది. నేను కూర్చొన్న చివరి వరసలోని మనిషే. నాకంటే కాస్త పెద్దది. పక్కన ఏడెనిమిదేళ్ల పిల్ల, తల్లి కొంగు నోటికి అడ్డం పట్టుకొని ఉంది. లోపల కూర్చొన్నంతసేపూ అలాగే పట్టుకొని ఉంది కాబోలు, నేను గమనించనే లేదు.

ఆమె నా బిడ్డ పెదవి చూసింది. చూపు తిప్పుకోకుండా నాకే ఏదో అప్పజెబుతున్నట్టు మాట్లాడింది.

"ఈ పాప కడుపులో ఉన్నప్పుడు గ్రహణం పట్టినరోజు నేను తలుపులేసుకోని పండుకొన్యా అక్కా. వక్క కూడా కొరకలే. అయినా ఇట్లనే పుట్టె. నువ్వు ఏదో కోసే ఉంటావు, దాస్తాండావు అని మావాళ్లు ఈ పొద్దుటికీ అంటారు. ఏదీ కోయలే అని నేను ఒట్లు పెడ్తా. పెట్టి పెట్టి నాకే అనుమానం పట్టె, నిద్దర్లో లేసి ఏమన్నా కోసింటానేమో అని."

లోపల ఇంత పెద్ద సభ జరుగుతోంది. అన్ని నియమాలూ పాటించి, చీకట్లో పడుకొని, పెదవి చీలిన బిడ్డను కన్న మనిషి ఆఖరి వరసలో కూర్చొని ఉంది. ఇన్నేళ్లలో కొండయ్య గారు గానీ, ఇన్ని ప్రశ్నలు అడిగే దావీదురాజు గానీ, ఆడవాళ్ల వైపు వచ్చి ఈమెను ఒక్క మాట అడిగి ఉంటే. ఎవరూ అడగలేదు.

"రెండో నెలకే అంట గదా నువ్వు చెప్పింది. నిజమేనా?" అంది.

"నిజమే."

"అయితే నేను కోయలే."

"కోయలేదు. కోసింటే మాత్రం ఏమి? ఏమీ కాదు. ఇప్పుడైనా కుడతారంట, మద్రాసులో. పెద్దపిల్లలకు కూడా."

కుట్టే సంగతి ఆమె విన్నట్టు లేదు. రోడ్డుమీదే మోకాళ్లమీద కూర్చొని పిల్ల భుజాలు రెండు చేతులతో పట్టుకొంది. ఆ పిల్ల కూడా ఇన్నేళ్లూ తల్లే కోసిందనుకొంటూ పెరిగిందని నాకు అప్పుడు అర్థమైంది.

"విన్యావా," అంది ఆమె. "విన్యావా పాపా. నేను కోయలే."